పురుగుల మేత

"చచ్చిపోయినాయి అన్నా! ఒక్కటి గూడా మిగల్లా!"

ల్యాబు గుమ్మం దగ్గరే ఎదురొచ్చి చెప్పింది, అక్కడ పరిశోధన చేస్తున్న వెన్నెల. పెంచలకృష్ణ చెప్పులు విడిచాడు. తర్వాత లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చుని, అలవాటు ప్రకారం చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఇంక నీ రక్తంతో పన్లేదన్నా," అని నవ్వింది.

మడిచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పెంచలకృష్ణది కోవూరు. వరి సేద్యం. నెలకోసారి పెన్న దాటి నెల్లూరులోని ఈ కాలేజీ ల్యాబుకి వస్తాడు, చిన్న గొట్టం నిండా రక్తం ఇచ్చిపోతాడు. ఇక్కడ సీసాల్లో మలేరియా పురుగుల్ని పెంచుతున్నారు. వాటికి మనిషి రక్తమే మేత. నాట్లని, కోతలని చెప్పి అతను ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు.

ఎందుకిస్తాడో అందరికీ తెలుసు. భార్య రేవతి ఏజెన్సీలో టీచరుగా చేసేది. సెలవులకు వచ్చినప్పుడు జ్వరం తగిలింది. మలేరియా మెదడుకెక్కి, నెల్లూరు ఆస్పత్రిలో పోయింది. పిల్లలు లేరు. భార్యను పొట్టన పెట్టుకున్న రోగం మీద పగబట్టాడని కొందరన్నారు. మరో ఇంట్లో ఇలా జరగకూడదనుకునే మంచివాడని ఇంకొందరన్నారు. కాలేజీ వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాడు, దిగి వెళ్లిపోయాడు. రేవతి పోయినప్పటి నుంచి అతనికి సంతోషమూ తెలియడం లేదు, దుఃఖమూ తెలియడం లేదు. తింటున్నాడు, చేలో నీళ్లు కడుతున్నాడు, అంతే.

వచ్చినప్పుడల్లా ఒక్క మాట మాత్రం అడిగేవాడు. "పురుగులు ఎట్టుండాయమ్మా?"

"గుండ్రాళ్లలా ఉండాయన్నా. ఏ మందుకీ లొంగడంలా," అని నిట్టూర్చేది వెన్నెల. పాపం, ఆమె పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది మరి.

ఇవాళ ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు.

"అంతా ఒక ఎంజైములో ఉందన్నా. పురుగు ప్రొటీను తయారు చేసుకుంటే చాలదు, దానికి చిన్న కొవ్వు ముక్క అతికించుకోవాల. అప్పుడే ఆ ప్రొటీను తన చోట నిలబడతాది. జాకెట్టు కుట్టి హుక్కులు పెట్టకపోతే ఏం లాభం? ఆ హుక్కులు పెట్టే ఎంజైముని మా మందు కట్టేసింది. అట్టాంటిది మనలోనూ ఉంది గానీ, మన కణాలకేం కాలా!"

"అదొక్కటి లేకుంటే బతకలేవా అయ్యి?"

"బతకలేవన్నా."

"మందు పెట్టకుండా పక్కనుంచినయ్యి ఉంటాయి గదా?"

"ఏడో నంబరు సీసానా? పొద్దున్నే బ్లీచింగ్ పోసి పారబోసినాం. ఆ రకంతో పని అయిపాయ గదా."

"యాడన్నా దాచిపెట్టుండారా, కొంచెం?"

"మంచులో గడ్డకట్టించి దాచే వసతి మాకుంటే నిన్ను ఇన్నాళ్లు ఎందుకు తిప్పుతాం? భయపడబాక. ఆ రకం ఇంక భూమ్మీదే లేదు."

వెన్నెల మలై కాజాల పెట్టె తెరిచి ముందు పెట్టింది. పెంచలకృష్ణ ఒకటి తీసుకుని తిన్నాడు. తీపి తెలియలేదు.

"నేను ఈడ చేరక ముందు నించీ వస్తుండావు. నీ పగ తీరిందన్నా."

అతను తలాడించి, చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. గుండీ పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది, రేవతి పోయాక మొదటిసారి. స్టూలు మీదే వంగిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. అది ఆనందమే అనుకుని వెన్నెల కూడా కళ్లు తుడుచుకుంటూ మంచినీళ్లు తేవడానికి పరిగెత్తింది.

ఆస్పత్రిలో చివరి రోజు, అతను చూస్తుండగా రేవతి చేతి నుంచి తీసిన రక్తంతోనే ఆ ఏడో నంబరు సీసా మొదలుపెట్టారు. ఆమెలోంచి వచ్చి ఈ ఉదయం దాకా బతికి ఉన్నవి ఆ పురుగులే.