సరంగు నిద్ర

“ఈ ఫోటోలో ఏం కనిపిస్తోందో చెప్పండి,” అన్నాడు ట్రస్టు అధ్యక్షుడు, గోడమీది తెర వైపు వేలు చూపిస్తూ.

అక్క చూసింది. తమ్ముడు తల తిప్పలేదు.

“చూడక్కర్లేదండి. ఏమీ కనిపించదు,” అన్నాడు.

అధ్యక్షుడి పక్కన కూర్చున్న ట్రస్టు డాక్టరమ్మ నవ్వేసింది. నిజంగానే తెర నిండా బురద రంగు తప్ప మరేమీ లేదు.

వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగే స్కూబా డైవింగును ఇష్టం కొద్దీ నేర్చుకున్నవాళ్లు ఏదైనా వెతుకుతామంటే, పరిశోధిస్తామంటే ఖర్చు భరించే ధర్మసంస్థ అది. అక్కకు పోస్టాఫీసులో ఉద్యోగం. తమ్ముడు ఫిజియోథెరపిస్టు. సెలవు దొరికితే ఇద్దరూ నీళ్లలోనే.

“రేవులో మునిగిన లాంచీ కోసం పోయినేడు రెండు జట్లకు సాయం చేశాం,” అన్నాడు అధ్యక్షుడు. “ఇంతింత లైట్లు పట్టుకుని దిగారు. ఎవరి చెయ్యి వాళ్లకే కనపళ్లేదు. అంతా గంగపాలు. మళ్లీ మీకూ ఇస్తే మాది సరంగు నిద్రే అవుతుంది.”

తమ్ముడు ఏదో అనబోయాడు. అక్క అతని మణికట్టు ఒక్కసారి నొక్కింది. బురదనీళ్లలో వాళ్లు మాట్లాడుకునే పద్ధతి అది. ఒక నొక్కుకు ఆగు, రెండింటికి పద.

“ఆ సరంగు మా తాతండీ,” అంది అక్క.

అధ్యక్షుడు నాలుక కరుచుకున్నాడు.

తాత సరంగుగా నడిపిన లాంచీ రేవు దగ్గర బండకు కొట్టుకుని మునిగింది. అందరూ ఈది బయటపడ్డారు. తాత ఒక్కడే రాలేదు. సరంగు నిద్రపోయాడని విచారణలో తేల్చేశారు. అప్పట్నుంచీ ఆ ఊళ్లో ఎవరు పని చెడగొట్టినా ‘సరంగు నిద్ర’ అంటారు. బళ్లో హాజరు పిలిచేటప్పుడు అక్క పేరు రాగానే వెనక బెంచీలోంచి గురక వినిపించేది.

“వానలు తగ్గగానే రేవు తవ్వుతారట. ఇక లాంచీ ముక్క కూడా మిగలదు. తాత మీది మాట మాత్రం మిగిలిపోతుంది,” అంది అక్క.

“నిజమేనమ్మా. కానీ వాళ్లకు కనపడనిది మీకెలా కనపడుతుంది?”

“మేం చూడ్డానికి కాదండీ, తడమడానికి పోతున్నాం.”

అంతలో కరెంటు పోయింది. తెర కోసం పరదాలన్నీ దించి ఉండటంతో గది చీకటైంది.

“ఆగండి, రానివ్వండి,” అన్నాడు అధ్యక్షుడు.

“పర్లేదండీ, నేను చెప్తుంటాను,” అని తమ్ముడు లాంచీ ముందు భాగం నుంచి మొదలుపెట్టి, ఎటునుంచి ఎటు వెళ్తారో, ఒకరికొకరు తాడు ఎలా కట్టుకుంటారో తడుముకోకుండా చెప్పుకుపోయాడు. కరెంటు వచ్చేసరికి ముగించాడు.

“నాకు ధైర్యం చాలట్లేదు డాక్టరమ్మా,” అన్నాడు అధ్యక్షుడు.

“వీళ్లను పరీక్ష చేసింది నేనేగా. గుండె, చెవులు, ఊపిరితిత్తులు... ఆ నీళ్లలో పనికొచ్చేవన్నీ దివ్యంగా ఉన్నాయి. పంపండి.”

అధ్యక్షుడు నిట్టూర్చి చెయ్యి చాచాడు. అక్క మోచేత్తో పొడిస్తే గానీ తమ్ముడు అందుకోలేదు. కుర్రాడికి కాస్త పొగరు, అనుకుంటూ అధ్యక్షుడు బయటికి వెళ్లిపోయాడు.

వానలు తగ్గకముందే మళ్లీ అదే గదిలో సమావేశం. ఈసారీ అక్కాతమ్ముళ్లు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. బల్లమీద తడిగుడ్డ కప్పిన మట్టిబొమ్మ ఉంది. అక్క గుడ్డ తీసింది.

లాంచీ. ఒరిగిన కప్పు, చితికిన ముక్కు, ఊడిన పలకలతో సహా లాంచీ.

“మీరు చేశారామ్మా?”

“తమ్ముడండీ. నాకు మట్టితో ముద్ద తప్ప ఏదీ రాదు.”

“చక్రం చూడండి,” అన్నాడు తమ్ముడు. అతని వేలు తిన్నగా దాని మీదికే వెళ్లింది. “చీకట్లో కూడా చేతికి తెలియాలని సరంగులు పై పుల్లకు గాట్లు పెట్టుకుంటారు. లాంచీ తిన్నగా పోతుంటే ఆ గాట్లు పైనుండాలి. ఇప్పుడవి కిందికున్నాయి. తాత చక్రాన్ని ఎడమకు చివరిదాకా తిప్పేశాడు. చుక్కాని మాత్రం తిన్నగానే ఉంది.”

“అదెలా?”

“చక్రాన్నీ చుక్కానినీ కలిపే గొలుసు మధ్యలో తెగింది.”

అక్క సంచిలోంచి అచ్చు తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టింది. అడుగున దొరికినవి పైకి తేకూడదన్న నియమానికి కట్టుబడి, పళ్ల డాక్టర్లు అచ్చు తీసే ముద్దతో నీళ్లలోనే తీసుకొచ్చారు. నోరు తెరుచుకున్న గొలుసు కొక్కెం అందులో స్పష్టంగా పడింది.

అధ్యక్షుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నిద్రపోయేవాడు చక్రం తిప్పడు,” అన్నాడు చివరికి. “తెగిన గొలుసుతో బండను తప్పించాలని ఆఖరిదాకా పెనుగులాడాడమ్మా మీ తాత. ఈ బొమ్మ రేవు ఆఫీసు గుమ్మంలో పెట్టిస్తాను. ‘సరంగు నిద్ర’ అన్న మాట ఈ గదిలో నా నోటితోనే అన్నాను కాబట్టి, ముందు నేనే మానేస్తున్నాను.”

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. గది మొత్తం అందుకుంది. అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఒక్కటి చెప్పు బాబూ,” అన్నాడు అధ్యక్షుడు. “లైటుకే లొంగని చీకటి కదా. భయమెయ్యలేదూ?”

“అక్కకు వేసిందండీ. నన్ను పట్టుకుని వదిలితే ఒట్టు.”

డాక్టరమ్మ నవ్వు దాచుకుంది. అక్క తమ్ముడి మణికట్టు రెండుసార్లు నొక్కింది.

తమ్ముడు లేచి, మడతపెట్టిన తెల్లకర్ర విప్పి, నేల తడుముకుంటూ గుమ్మం వైపు నడిచాడు.