చెవి పిన్ని

"అక్కా, మళ్లీ వచ్చిందావిడ!"

తమ్ముడు రహస్యంగా అన్నాననుకున్నాడు గానీ, షాపంతా వినిపించింది. ఆ గొంతుకు తగ్గడం చేతకాదు.

గాజు తలుపు తోసుకుని ఆవిడ లోపలికొచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. నేరుగా మడత ఫోన్ల బల్ల దగ్గరికెళ్లి, చూపించడానికి పెట్టిన ఫోను తీసుకుంది. ఎడమ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

ఫోను చెవికి ఆనించి మాట్లాడేవాళ్లను చూశారు గానీ, దాని మడతను వినే మనిషిని ఆ అక్కాతమ్ముళ్లు ఎన్నడూ చూడలేదు. నెల రోజులుగా ఇదే వరస. తమ్ముడు ఆవిడకు 'చెవి పిన్ని' అని పేరు పెట్టేశాడు.

అక్కకు మాత్రం ఒకటే కుతూహలం.

"ఏం వినిపిస్తుంది పిన్నిగారూ?"

"బందు, తల్లీ. తలుపుకున్నట్టే దీనికీ బందు ఉంటుంది. మంచిదైతే గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. ఇది పళ్లు కొరుకుతోంది."

"పళ్లు కొరికితే?"

"నలభై రోజులు. ఆ పైన విరుగుతుంది."

ఎవరైనా ఫోను కొని పెట్టె విప్పితే చాలు, "ఒక్కసారి ఇస్తావా నాయనా" అని చేయి చాపేది. విని, తిరిగిచ్చేసి, కొన్నవాళ్లు వెళ్లాక అక్కతో మెల్లగా చెప్పేది. "ఇది ఇరవై రోజులు." "ఇది పాతిక."

అక్క నవ్వుతూనే గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీల చుట్టూ సున్నాలు చుట్టేది.

నవ్వే రోజులు కావు నిజానికి. రెండు ప్రభుత్వాలు పంతానికి పోయి ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు పెంచుకున్నాయి. దాంతో ఫోన్ల కంపెనీ బందుల తయారీని ఇక్కడి ఫ్యాక్టరీ నుంచి వేరే దేశానికి మార్చేసింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, అప్పట్నించీ ఇక్కడ అమ్మిన మడత ఫోన్లు విరిగి వెనక్కొస్తున్నాయి. అయిదు తిరిగొస్తే షాపు ఏజెన్సీ రద్దని కంపెనీ రాసింది. అప్పటికే మూడు వచ్చాయి. ఏజెన్సీ పోతే షాపు లేదు, షాపు పోతే ఇద్దరికీ వేరే ఆధారం లేదు.

నాలుగోది సరిగ్గా సున్నా చుట్టిన రోజునే వచ్చింది.

ఆ సమయానికి చెవి పిన్ని షాపులోనే ఉంది. తమ్ముడు ఫోన్ను చూశాడు, క్యాలెండర్ను చూశాడు, ఆవిడను చూశాడు.

"కంటి దిష్టి గురించి విన్నాం గానీ చెవి దిష్టి ఇప్పుడే చూస్తున్నాం! మీ చెవి సోకిన ఫోనల్లా పాడైపోతోంది. తెరిచీ మూసీ వదులు చేస్తోంది మీరే కదూ?"

"నేను వినడమే, బాబూ."

"మా కొంప ముంచడానికి మేమే దొరికామా? ఇంక రాకండి."

అక్క బిల్లు పుస్తకం తిరగేస్తూ ఉండిపోయింది. తప్పని తెలుసు, సిగ్గూ వేసింది. అయినా ఏజెన్సీ భయం ముందు సిగ్గు నిలవలేదు.

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి, తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పొద్దున పెట్టె విప్పి చూపించారే, అది అమ్మకమ్మా. వారం ఆగదు. మిగతావీ వెనక్కి పంపించెయ్. అడిగితే, కొత్త బందులు పళ్లు కొరుకుతున్నాయని రాయి."

"అలా రాస్తే మనకు పిచ్చనుకుంటారు," అన్నాడు తమ్ముడు. ఆ ఫోన్ను ఆ సాయంత్రమే అమ్మేశాడు.

ఆరో రోజున అదీ విరిగి తిరిగొచ్చింది. అయిదోది.

ఆ మర్నాడు కంపెనీ ఇంజనీరు వచ్చాడు. జేబులో ఏజెన్సీ రద్దు కాగితం, చేతిలో అరచేయంత పరీక్ష పెట్టె. పెట్టెకు షాపులో మిగిలిన ఒక్కో ఫోను ఆనించి తెరిచి మూశాడు. అన్నిటికీ పచ్చ దీపమే వెలిగింది.

"బందులు బాగున్నాయి. మీరే వాడకం సరిగ్గా చూపించలేదు," అంటూ కాగితం అక్క చేతిలో పెట్టాడు.

అక్క ఏడవలేదు. గోడ మీంచి క్యాలెండర్ తీసి అతని ముందు పరిచింది.

"విరిగినవాటినీ ఫ్యాక్టరీలో మీ పెట్టె ఇలాగే బాగున్నాయంది కదా సార్. ఎప్పుడు విరుగుతాయో ఒకావిడ ముందే చెప్పింది. చూడండి, ఆవిడ చెప్పిన గడువు ఒక్కటీ దాటలేదు."

ఇంజనీరు సున్నాలను వేలితో తడుముతూ చూశాడు.

"ఎలా చెప్పింది?"

"విని."

"ఎడమ చెవితోనా? కళ్లు మూసుకుని?"

"మీకు తెలుసా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎక్కడుంటుంది?"

అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నెల రోజులు వచ్చిన మనిషి పేరైనా అడగలేదు. తమ్ముడు ఒక్క పరుగున బయటికెళ్లి, బస్టాపులో, పక్క షాపుల్లో వాకబు చేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయిందని మాత్రం ఎవరో చెప్పారట.

"ఈ కాగితం వెనక్కి తీసుకోరా సార్?" అక్క అడిగింది.

"నా చేతిలో లేదమ్మా. కంపెనీకి ఈ పెట్టె చెప్పిందే వేదం. ఇది నేర్చుకుంది పాత బందుల చప్పుడు. కొత్తవాటి గురించి దీనికేం తెలియదు."

"మరి దానికి నేర్పినవాళ్లనే పిలిచి మళ్లీ నేర్పించొచ్చుగా?" అన్నాడు తమ్ముడు.

ఇంజనీరు పెట్టెను బల్ల మీద బోర్లించాడు.

"మూడేళ్లు పక్కన కూర్చుని నేర్పింది ఆవిడే. పెట్టె నేర్చేసుకుంది కదా అని, ఫ్యాక్టరీ తరలించిన రోజు అందరికన్నా ముందు మేం ఇంటికి పంపించిందీ ఆవిడనే."