పేల దువ్వెన

"నీ తలలో పేలెక్కడివే? జరుగు!" వెనకున్న పిల్ల మోచేత్తో పొడిచింది.

పాస్టరుగారి కూతురు వరుసలోంచి కదల్లేదు. రోజూ ప్రార్థనకు ముందు టీచరైన వాళ్లమ్మ చర్చి బడి వరండాలో కూర్చుని, పేటలోని ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గరకు లాక్కుని పేలు దువ్వుతుంది. వాళ్లంతా ఆవిణ్ని అమ్మా అంటారు. కన్నకూతురు మాత్రం బడిలో మేడమ్ అనాలి, జడ తనే అల్లుకోవాలి. ఇవాళ కడుపుమంట ఆపుకోలేక వచ్చి నిలబడింది.

"నీకేమైందే?" అంది తల్లి.

"పేలు, మేడమ్."

"అబద్ధమమ్మా!" వెనకపిల్ల అరిచింది. "ఇంట్లో నువ్వు ఎలాగూ దానిదానివే. ఇక్కడ మా వంతు కూడా కావాలంట!"

"ఇంట్లోనా? ఇంట్లో మీ నోటుబుక్కులు దిద్దుతూ దిద్దుతూ వాటిమీదే నిద్రపోతుంది," అంది కూతురు.

తల్లి కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పింది. మెల్లగా, మాడునుంచి కొసదాకా దువ్వింది. పరిచిన తెల్లగుడ్డ మీద ఒక్క పేనూ రాలలేదు. వెనకపిల్ల వంగి మరీ చూసింది.

లోపల్నించి పాస్టరుగారు కేకేశారు. "ప్రార్థనకు వేళయింది, రావేం?"

"మీరు మొదలుపెట్టండి. దీని తలనిండా పేలే," అంది తల్లి, దువ్వెన ఆపకుండా.

కూతురు బిక్కచచ్చి వెనక్కి చూసింది.

వెనకపిల్ల ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి వినబడేలా అరిచింది.

"అవునయ్యగారూ! గంపెడున్నాయి!"