ఛార్జింగ్ లేని చేప

ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ బ్యాటరీ చేపలే. ఫ్యాక్టరీ సరుకు పేరెత్తితేనే సింహాద్రికి ఒళ్ళుమంట. పాతసామాన్ల కొట్లో కొన్న అక్వేరియం మూతకున్న ఛార్జింగ్ పలక పీకి పారేశాడు. నీళ్ళు తిరిగేలా పాత కూలర్ మోటారు బిగించి, గులకరాళ్ళు పరిచి, కాలవలో పట్టిన నిజం చేపపిల్లను వదిలాడు.

సాయంత్రం కూతురు లాస్య, పక్కింట్లో బ్యాటరీ చేపకు చేసే అలవాటు కొద్దీ చేపను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఫోను పక్కన ఛార్జింగుకు పెట్టింది. సింహాద్రి పరుగున వచ్చి దాన్ని నీళ్ళలో వేశాడు. అది చాలాసేపు పక్కకు ఒరిగే ఉండి, చివరికి మొప్పలు ఆడించింది.

“ఆగిపోతే కొత్తది ఇస్తారుగా నాన్నా?”

“ఎవడిస్తాడే? ఇది ఎవడూ చేసింది కాదు. ఆగిందంటే ఆగిపోయినట్టే.”

అన్నానికి పిలిస్తే లాస్య అక్వేరియం ముందునుంచి కదల్లేదు.

“నేనిటు తిరిగితే ఆగిపోద్దేమో నాన్నా.”

సింహాద్రి కంచం అక్కడికే తెచ్చి, ముద్ద కలిపి నోటికందించాడు.