తెరిపి కబురు

మబ్బు విడి ఎండ పొడ కనిపించిందో లేదో, ఓస్మన్ గడ్డి తిరగేసే పంగలకర్ర పడేసి గుట్టెక్కేశాడు.

నార్వేలో ఎండ వచ్చినప్పుడే గడ్డి ఆరబెట్టుకోవాలి. లేకపోతే చలికాలమంతా ఆవులకు పస్తే. ఊరంతా ఎండ కోసం కాచుకుని కూర్చుంటే, కొత్తగా చేరిన ఈ కూలీ మాత్రం ఎండ రాగానే మాయమవుతాడు.

అతనికి పని ఇచ్చిన టొరున్‌కి కోపం కన్నా భయమే ఎక్కువ. కింద సముద్రపు పాయలో, దేశాన్ని ఆక్రమించిన జర్మన్ల యుద్ధనౌక దాగి ఉంది. ఆ జర్మన్లకే దొరక్కుండా ఆమె తమ్ముడు ఐలివ్ కొట్టం కింద గుంటలో దాక్కున్నాడు.

కాసేపటికి చాలా ఎత్తున, నలుసులా మెరుస్తూ ఇంగ్లీషువాళ్ళ ఫోటోలు తీసే విమానం వెళ్ళింది.

సాయంత్రం ఓస్మన్ దిగివచ్చాడు.

"ఎక్కడికెళ్ళావయ్యా?"

"కాళ్ళు లాగుతుంటే అలా తిరిగొచ్చానమ్మా."

"ఎండొస్తేనే లాగుతాయా? వానకి లాగవా?"

అతను నవ్వి, గొంతు తగ్గించాడు. "కొట్టంలోంచి దగ్గు వినిపిస్తోంది. ఎవరి చెవినైనా పడితే బాగుండదమ్మా."

టొరున్ చప్పున కొట్టంవైపు చూసింది. వీడికి తెలిసిపోయింది.

"మూట సర్దుకో. మళ్ళీ నా గడప తొక్కకు."

"ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండమ్మా. కూలి కూడా వద్దు."

కూలి వద్దనేసరికి వీడు జర్మన్ల మనిషేనని ఆమె అనుమానం గట్టిపడింది.

"కూలి వద్దంటే నీకు ఇంకెవరో ఇస్తున్నారన్నమాట. పో."

అతను ఓసారి గుట్టవైపు చూసి, మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎండ కాసిన రోజుల్లో విమానం రాలేదు. దట్టంగా మబ్బు కమ్మిన రోజు మోత వినిపించింది.

ఐలివ్ గుంటలోంచి తల బయటపెట్టాడు. "వీళ్ళకి మతి పోయిందా అక్కా? అంత పైనుంచి మబ్బు దాటి ఏం కనిపిస్తుంది?"

"నువ్వు లోపలికెళ్ళు."

"ఇన్నాళ్ళూ సరిగ్గా తెరిపి చూసుకునే వచ్చేవాళ్ళు. అంత దూరాన ఉన్నవాళ్ళకి ఇక్కడ మబ్బు విడిందని ఎవరు చెప్పేవారో."

టొరున్ మూత లాగి గుంట కప్పేసింది.

మోత దగ్గరపడింది. ఏమీ కనిపించక విమానం మబ్బు కిందికి దిగింది. నౌక మీది ఫిరంగులు పేలాయి. విమానం మండుతూ పాయలో పడింది.

టొరున్ కొట్టం గుమ్మం పట్టుకుని గుట్టవైపు చూసింది.

ఇంగ్లీషువాళ్ళకి రేడియోలో తెరిపి కబురు సముద్రం దాటించే మనిషిని తన గడపలోంచి తానే గెంటేసింది.