ఏడో చప్పుడు

"మీ వజ్రదళం హీరో బైకెక్కితే చాలు, నలభై వయొలిన్లు ఏడుస్తాయి. గూఢచారి అనేవాడు అంత చప్పుడు చేసుకుంటూ పోతాడంట్రా?"

ఆ మాట అనేసి వీరబాబు డాబా మీద గది గడపలో కూర్చున్నాడు.

కార్తిక్‌కి ఒళ్ళు మండింది.

"మీ కోడ్ తొమ్మిదిలో ఏముందిరా? మూడు సినిమాలొచ్చాయి, మూడింటికీ అదే బూరా! మా దాంట్లో విలన్‌కి కూడా వేరే ట్యూనుంటుంది."

"ట్యూన్ల సంగతి సరే. ఆ ఏడో చప్పుడేంటో కనుక్కున్నావా?"

కార్తిక్ ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు.

వజ్రదళం నాలుగో భాగం వస్తోందని ఆ సినిమావాళ్ళు ఒక పోటీ పెట్టారు. ఆ సినిమాల టైటిల్ మ్యూజిక్‌లో ఏడు చప్పుళ్ళున్నాయి. ఏడూ దేనితో పలికించారో చెప్పినవాళ్ళలో ఒకరిని సంగీత దర్శకుడు తన దగ్గర ఏడాది పాటు ఉంచుకుని రికార్డింగు పని నేర్పుతాడు.

ఆరు దొరికాయి. ఏడోదే దొరకలేదు.

టైటిల్స్ చివర, హీరో ముసుగు తీసే ముందు వస్తుందది. ఎక్కడో లోతులో మొదలై, గుండె మీద ఒక్కసారి తట్టి, గాలిలో వణుక్కుంటూ పోతుంది.

సాయంత్రం ఆరింటితో గడువు సరి. ఇది తప్పితే సోమవారం నుంచి మిర్చి యార్డులో బాబాయి కమీషన్ కొట్లో కూర్చోవాలి. నాన్న బాబాయికి మాట ఇచ్చేశాడు. అమ్మ కోటేశ్వరమ్మ మాత్రం మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుని ఊరుకుంది.

కార్తిక్ మళ్ళీ మ్యూజిక్ పెట్టబోతుంటే మెట్ల మీద అలికిడైంది.

తెల్లగడ్డం ముసలాయన ఒకడు భుజాన మనిషంత విల్లు, నెత్తిన చుట్టిన పరుపుతో డాబా మీదికి వచ్చాడు. వెనకే కోటేశ్వరమ్మ.

"ఒరేయ్, కాసేపు గది తలుపేసుకోండి. దూది ఏకే ఆయన వీధిలో పోతుంటే పిలిచా. పరుపు రాయిలా అయింది, నా నడుం నిలవట్లేదు."

కార్తిక్ లేచి నిలబడ్డాడు.

"ఇవాళ వద్దమ్మా! పింజలు లేచి ల్యాప్‌టాప్‌లో దూరతాయి, స్పీకర్లలో దూరతాయి. తలుపేసుకుంటే ఈ ఎండకి ఉడికిపోతాం."

"గంట పనే బాబూ," అన్నాడు ముసలాయన. "గాలివాలు చూసుకుని ఆ మూలన కూర్చుంటా."

"గంట కాదు, నిమిషం కూడా కుదరదు తాతా."

"ఎండన పడి వచ్చాడురా. ఇన్ని మెట్లెక్కించి దించేయమంటావా?" అంది కోటేశ్వరమ్మ.

కార్తిక్ మళ్ళీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆమె నిట్టూర్చి మజ్జిగ తేవడానికి కిందికి వెళ్ళింది.

ముసలాయన పరుపు దించి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాడు.

కార్తిక్ మ్యూజిక్ పెట్టాడు. ఏడో చప్పుడు వచ్చి పోయింది. ముసలాయన కళ్ళు మూసుకుని తలూపాడు.

వీరబాబుకి సరదా పుట్టింది.

"ఏం తాతా, నచ్చిందా? నువ్వు చెప్పు. వజ్రదళమా, కోడ్ తొమ్మిదా?"

"సినిమాలు చూడను బాబూ. కానీ ఇది వింటే పని గుర్తొచ్చి ఆకలేస్తుంది."

వీరబాబు పగలబడి నవ్వాడు.

"రాసుకోరా కార్తిక్! మీ మ్యూజిక్‌కి ఏడుపు రాదంట, ఆకలొస్తుందంట!"

"ఇంకాసేపుంటే బిర్యానీ అడిగేట్టున్నాడు," అని కార్తిక్ కూడా నవ్వాడు.

ముసలాయన వాళ్ళతోపాటు తనూ నవ్వాడు. ఇంకేదో చెప్పబోయాడు గానీ, కార్తిక్ అప్పటికే హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

కోటేశ్వరమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"ఏమనుకోకండి. పై వారం వస్తారా?"

"పై వారం హైదరాబాదులో పనుందమ్మా."

"అంత ఊళ్ళో దూది ఏకేవాళ్ళే లేరా?"

"ఉండే ఉంటారమ్మా. నన్నే రమ్మన్నారు."

గ్లాసు కడిగి పెట్టి, విల్లు గోడకి తగలకుండా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

స్నేహితులిద్దరూ సాయంత్రం దాకా ప్రపంచంలోని తంత్రీవాద్యాలన్నీ ఇంటర్నెట్‌లో వెతికారు. గ్రీసు దేశానిది విన్నారు, మంగోలియాది విన్నారు. చివరికి వీరబాబే ఐర్లాండ్ హార్ప్ ఒకటి పట్టుకున్నాడు.

"ఇదేరా! ఆ వణుకు చూడు!"

కార్తిక్‌కి పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా టైము లేదు. 'ఐరిష్ హార్ప్' అని కొట్టి పంపేశాడు.

రాత్రి అన్నం వడ్డిస్తూ కోటేశ్వరమ్మ అడిగింది.

"పొద్దున ఆయన ఏదో చెప్పబోయాడంట కదరా, వీరబాబు అన్నాడు. ఏంటో అడక్కపోయావా?"

"పరుపు సంగతై ఉంటుందిలేమ్మా."

ఆమె గట్టిపడ్డ ఆ పరుపు మీదే దుప్పటి మడిచి వేసుకుని పడుకుంది.

రెండు వారాలు గడిచాయి.

కమీషన్ కొట్లో, మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య తుమ్ముకుంటూ కూర్చున్న కార్తిక్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

'మీ జవాబుల్లో ఆరు సరైనవి. పోటీలో పాల్గొన్నందుకు ధన్యవాదాలు.'

కింద ఒక వీడియో.

తెరిచాడు. నాలుగో భాగం రికార్డింగది. వయొలిన్లవాళ్ళు, బూరాలవాళ్ళు, డ్రమ్ములవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కనిపించారు. తర్వాత సంగీత దర్శకుడు స్వయంగా వచ్చి, ఎవరికో కుర్చీ జరిపి వేశాడు.

"ఏడో చప్పుడు కోసం చాలా దేశాల వాయిద్యాలు తెప్పించి చూశాను. ఏదీ సరిపోలేదు. మొదటి భాగం నుంచీ ఈ పెద్దాయనే మాకు గతి," అన్నాడు చేతులు జోడించి.

కుర్చీ వద్దని నేల మీదే కూర్చుని, దూది పింజ కూడా లేని ఆ ఏసీ గదిలో కళ్ళు మూసుకుని విల్లు నారిని ఒక్కసారి కొట్టిన ఆ మనిషి కింద అక్షరాలు పడ్డాయి: మాలిక్, దూది ఏకే పనివారు, గుంటూరు.