దొరగారికి నచ్చిన మిషను

"ఇది కూడా నచ్చలేదటండీ," అన్నాడు పోస్ట్‌మన్, ఫోను చెవికి ఆనించుకునే.

గింజల మాస్టారు గ్రైండరు ఆపేశారు. ఆయన నిజానికి మాస్టారు కాదు, కాఫీ సామాన్ల కొట్టు యజమాని. గుప్పెడు గింజలు అడిగినవాళ్లకు కూడా పెద్ద పాఠం చెప్పి గానీ వదలరు కాబట్టి వీధివాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. తన కొట్టు మెట్లెక్కిన మనిషి సరైన గ్రైండరు లేకుండా దిగిపోతే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. అలాంటిది ఈ పోస్ట్‌మన్ బల్ల మీదున్న మిషన్లన్నీ ఒక్కొక్కటే తిరగ్గొడుతున్నాడు.

అతనిది వింత పద్ధతి. మిషను తిరగ్గానే ఫోను దాని పక్కన పెడతాడు. ఇంటి దగ్గర అతని భార్య వింటుంది. కాసేపటికి తీర్పు వస్తుంది. తీర్పు ఆవిడది కాదు, దొరగారిది.

"ఇంట్లో పెత్తనమంతా ఆయనదేనండి," అని రాగానే చెప్పుకున్నాడు పోస్ట్‌మన్. "ఆయన గొంతెత్తితే ఇల్లంతా ఉరుకులు పరుగులు. ఆయన మెచ్చే మిషను లేకుండా వెళ్లానంటే మా ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెడుతుంది."

నిన్న దొరగారిని కాఫీ హోటలుకు తీసుకెళ్లారట. దారి పొడవునా గోల చేసిన మనిషి, గ్రైండరు పక్క బల్ల దొరికాక నోరు మెదపలేదట. అది విని మాస్టారు పొంగిపోయారు. అప్పటికప్పుడు విసిరిన పొడి ఘుమఘుమ అలాంటిది మరి. దాని విలువ తెలిసిన పెద్దమనిషి ఇన్నాళ్లకు తగిలాడు. చూడకుండానే ఆయన మీద మాస్టారికి గురి కుదిరింది.

"రోజుకెన్నిసార్లు తాగుతారు?"

"లెక్కెక్కడిదండీ. ఎప్పుడు పడితే అప్పుడే. పాలుంటే చాలు."

పాలెక్కువైతే డికాక్షన్ గట్టిగా ఉండాలని, దానికి పొడి కాస్త సన్నగా పడాలని మాస్టారు పాఠం అందుకున్నారు. బ్లేడు మిషను గింజను ఎలా పడితే అలా నరుకుతుంది. నలుసులు చేదెక్కుతాయి, పెద్ద ముక్కలు పచ్చిగా మిగిలిపోతాయి. అదే రెండు ఇనుప చక్రాల మధ్య నలిగిందంటే పొడంతా ఒకే తీరున ఉంటుంది. నీళ్లు తెర్లగానే పోసేయకూడదు, కాస్త నిమ్మళించనివ్వాలి. ముందు పొడి తడిసేటన్ని పోసి, అది పొంగి సర్దుకున్నాక మిగతావి పోయాలి.

పోస్ట్‌మన్ నిలబడే కునికిపాట్లు పడుతున్నాడు. పాఠం ఆగేసరికి ఉలిక్కిపడి, "ఖాళీగా తిప్పినా పరవాలేదాండీ?" అన్నాడు.

శుభ్రం చేసుకోవడానికి కాబోలు అనుకుని, కాసేపైతే పరవాలేదన్నారు మాస్టారు. శుభ్రత పట్టించుకునేవాళ్లంటే ఆయనకు ప్రాణం.

చివరికి అద్దాల బీరువాలోని కొత్త మిషను బయటికి తీశారు. అది తిరుగుతుంటే పిల్లి నడిచినట్టుంటుంది. పోస్ట్‌మన్ ఫోను దాని పక్కన పెట్టి, తీర్పు విని, నీరసంగా తల అడ్డంగా ఊపాడు.

"మొహం చిట్లించారటండీ."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. కొట్టులో మిగిలింది ఇక వెనక గుమ్మం దగ్గరి పాత మిషను ఒక్కటే. కొట్టు తెరిచిన కొత్తలో ఆలుమగలిద్దరూ ఇష్టపడి కొనుక్కున్నది. తిప్పితే కిటికీ అద్దాలు దడదడలాడతాయి. ఆ రోడ్డు రోలరును ఇవాళ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నానని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య పొద్దున్నే తేల్చి చెప్పింది. వద్దనడానికి మాస్టారికి సాకు దొరకలేదు. మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

"తలో కప్పు తాగి ఆలోచిద్దాం," అంటూ ఆయన లేచి, ఆఖరిసారిగా అందులో గింజలు పోసి మీట నొక్కారు.

గుర్రుగుర్రుమంటూ కొట్టంతా అదిరింది. భార్య చెవులు మూసుకుంది. మాస్టారు మీట మీద చెయ్యి వేయబోతే పోస్ట్‌మన్ ఫోను చెవికి ఆనించుకునే ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకండి మాస్టారూ. దొరగారికి ఇదే కావాలట."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. బేరం కూడా ఆడకుండా మిషనును గుండెలకు హత్తుకుని, మాస్టారు అడిగితే ఇంటి చిరునామా చెప్పి వెళ్లిపోయాడు.

"చూశావా," అన్నారు మాస్టారు భార్యతో. "చక్రాల చప్పుడు విని పొడి తీరు చెప్పగల మనిషి ఇంకా ఉన్నాడు."

మాస్టారికి ఆ రోజంతా నేల మీద కాలు నిలవలేదు.

సాయంత్రం కొట్టు పెందలాడే కట్టేసి, ఉన్నవాటిలో మేలైన గింజల డబ్బా, కొత్త ఫిల్టరు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లారు. మెట్ల దగ్గరికే తన మిషను గుర్రుమనడం వినిపించింది. అప్పుడే పనిలో పెట్టారన్నమాట.

పోస్ట్‌మన్ భార్య పెదవుల మీద వేలు పెట్టుకుని తలుపు తీసింది. సోఫాలో పోస్ట్‌మన్ బూట్లయినా విప్పకుండా, భుజాన సంచీతోనే గాఢనిద్రలో ఉన్నాడు.

"దొరగారికి మొదటి కప్పు నా చేత్తో కలిపి ఇద్దామని వచ్చానమ్మా," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి.

ఆవిడ నవ్వాపుకుంటూ, చూద్దురుగాని రమ్మని గదిలోకి తీసుకెళ్లింది.

స్టూలు మీద మిషను గుర్రుమంటూనే ఉంది. అందులో ఒక్క గింజ కూడా లేదు. మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఇంతసేపు ఖాళీగా తిప్పితే చక్రాలేమైపోతాయని పాఠం మొదలుపెట్టబోయారు.

ఆవిడ ఆయన చెయ్యి మెల్లగా తాకి, కిటికీ వైపు చూపించింది.

ఉయ్యాల్లో దొరగారు గుప్పిళ్లు బిగించి నిద్రపోతున్నారు.